పువ్వు తినేసిన మాత్ర

మాత్రల డబ్బా వెళ్లి గోడకు తగిలింది. మూత ఒక మూలకు పోయింది, మాత్రలు గదంతా చెల్లాచెదురయ్యాయి.

"మింగుతున్నావా, పారేస్తున్నావా? ఒక్క ముక్కలో చెప్పు."

"మింగుతున్నానక్కా."

"మరి రక్తంలో మందు ఏదిరా? కాళ్లొచ్చి బయటికి నడిచిపోయిందా?"

తమ్ముడు తల వంచుకుని అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. అతని భార్య ప్యాకింగ్ బల్ల కింద దూరి, ఎండాకుల పొట్టులోంచి మాత్రలు ఏరుతోంది. తల్లి మాత్రం జల్లెడ ఆడిస్తూనే ఉంది.

ఆ వీధిలో డ్రైవరమ్మ అంటే చిన్నపిల్లలకు కూడా తెలుసు. సిటీ బస్సు నడుపుతుంది. పొద్దున్న మొదటి ట్రిప్పు చివరి స్టాపులో ఆగి ఉండగా ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. బస్సు డిపోలో పెట్టేసి, తాళాలు ఇంకొకరి చేతిలో పడేసి, యూనిఫాం కూడా విప్పకుండా పుట్టింటి మీదికి వచ్చి పడింది.

ఫోనులో చెప్పింది నాలుగు మాటలే. మార్చిన కిడ్నీని ఒళ్లు శత్రువనుకుని మీదపడి చంపేయకుండా ఒక మాత్ర కాపలా కాస్తుంది. తమ్ముడి రక్తంలో ఆ మందు జాడ అడుగంటిపోయింది. కిడ్నీ దెబ్బతింటున్న గుర్తులు కనబడుతున్నాయి. వెంటనే తీసుకురండి. అంతవరకైతే ఆమె తట్టుకునేదే. పెట్టేసేముందు పెద్ద డాక్టరు ఇంకో మాట అన్నాడు.

"మాత్రలు మానేసిన వాళ్లకే ఇలా అవుతుందమ్మా."

ఆ కిడ్నీ ఆమెది. పోయినేడు ఆమె ఎడమ పక్క కోసి, తీసి, వీడి పొట్టలో పెట్టారు. సీటు బెల్టు ఇవాళ్టికీ ఆ కుట్ల మీదే ఒరుసుకుంటుంది.

"నా ఎదురుగానే మింగుతారు వదినా," అంది మరదలు బల్ల కిందనుంచి. "రెండు పూటలా. గ్లాసు నేనే అందిస్తాను."

"నీ ఎదురుగా మింగి, నీ వెనకాల ఉమ్మేస్తున్నాడేమో!"

"ఈ ఇంట్లో ఎవరూ ఏదీ ఉమ్మరు," అంది తల్లి. గొంతు పెంచలేదు. జల్లెడా ఆపలేదు.

అది నిజమే. ముందు గది కొట్టు, నడిమి గది ప్యాకింగు, వెనక రెండు గదుల్లో కాపురం. ఆకులు, పూలు, వేళ్లు ఎండబెట్టి, కలిపి, టీ పొట్లాలుగా అమ్మడం ఆ ఇంటి పని. ఎక్కడైనా రుచి చూసేవాడు గుక్క పుక్కిలించి ఉమ్మేస్తాడు. ఇక్కడ అలా కుదరదు. మనం ఉమ్మేసేది జనానికి అమ్మకూడదని పోయిన తండ్రి పట్టుబట్టాడు. ఆయన తర్వాత ఆ రుచి చూసే పని కొడుక్కి వచ్చింది. ఎలాంటి నోరో గాని, ఒక్క గుక్కలో ఆకు ఏ ఎండలో ఎండిందో చెప్పేస్తాడు. సరుకు వేసే వాళ్లందరూ అతన్ని 'నాలుక' అనే పిలుస్తారు.

ఆ నాలుక ఇప్పుడు పెగలడం లేదు.

"నా ఒంట్లోంచి కోసిచ్చింది చెత్తబుట్టలో వేయడానికా? బతకాలని లేకపోతే ఆ మాటేదో ముందే చెప్పి ఏడవొచ్చుగా! నేను హాయిగా రెండింటితో బతికేదాన్ని."

తమ్ముడు తలెత్తాడు. ఏదో అనబోయాడు. తల్లి జల్లెడ చప్పున ఆగింది. ఆమె కొడుకు వైపు ఒక్క చూపు చూసింది. అతను నోరు మూసుకున్నాడు.

ఆ చూపు డ్రైవరమ్మ కళ్లబడింది. కాని అప్పుడామె కోపంలో ఉంది. కోపంలో ఉన్నవాళ్లకు కళ్లుంటాయి గాని, చూసింది బుర్రకెక్కదు.

*

ఆసుపత్రి మంచం మీద నాలుక ఇంకా చిక్కినట్టు కనిపించాడు. పెద్ద డాక్టరు నిలబడే మాట్లాడాడు. కూర్చుంటే తీరిక ఉందనుకుంటారని భయం కాబోలు.

"సూదితో చిన్న ముక్క తీసి చూశాం. మీ ఒళ్లు ఆ కిడ్నీ మీద తిరగబడింది. ఈ సాయంత్రం నుంచి నరంలో గట్టి మందు ఎక్కిస్తాం. నిలబడొచ్చు. పోనూ పోవచ్చు. ఒకటి చెప్పండి, ఎన్నాళ్ల నుంచి మానేశారు?"

"మానలేదండీ."

"అందరూ అదే అంటారు."

"అందరి సంగతీ నాకెందుకండీ, నేను మానలేదు."

డాక్టరు డ్రైవరమ్మ వైపు చూశాడు, మీరైనా చెప్పండమ్మా అన్నట్టు. ఆమె కిటికీ వైపు తిరిగింది. చెప్పడానికేముంది? తనూ ఆ పక్షమే.

ఆయన వెళ్లాక మందుల విభాగం నుంచి ఫార్మసిస్టు వచ్చింది. పాతికేళ్ల పిల్ల. జలుబేమో, మాస్కు వెనక ముక్కు ఎగబీలుస్తూ స్టూలు లాక్కుని కూర్చుంది. తిట్టడానికి వచ్చిన మొహం కాదు. అతని చెయ్యి పట్టుకుని వేళ్లు చూసింది.

"ఏమిటండీ ఇంత నల్లగా?"

"ఆకుల రంగు. కడిగినా పోదు."

"ఏం పని చేస్తారు?"

"టీలు కలుపుతాం. నేను రుచి చూస్తాను."

"మామూలు టీనా, మూలికలవా?"

"మూలికలవే."

ఆ పిల్ల చెయ్యి వదిలేసింది. "ఆపరేషనప్పుడు మూలికలేవీ వాడొద్దని చెప్పాం కదా! వాడుతున్నారా అని వచ్చినప్పుడల్లా అడుగుతున్నాం కదా!"

"వాడటం లేదండీ," అన్నాడు నాలుక ఆశ్చర్యపోయినట్టు. "అది పని."

నిజంగానే ఆశ్చర్యపోయాడనిపించింది. డ్రైవరమ్మకూ అందులో వింతేమీ కనిపించలేదు. ఇటుకలు మోసేవాణ్ణి నువ్వు ఇటుకలు తింటున్నావా అని అడుగుతారా ఎవరైనా? ఆ ఇంట్లో పుట్టి పెరిగిన వాళ్లకు గుక్క వేయడం అంటే తూకం వేయడం లాంటిదే. మందు అని దాన్ని ఎన్నడూ ఎవరూ అనుకోలేదు. ఎన్నిసార్లు అడిగినా 'వాడటం లేదు' అనే చెప్పారు, అది అబద్ధమని ఆమెకు ఒక్కసారీ తోచలేదు.

"రుచి చూసి ఉమ్మేస్తారా?"

"మింగుతాం. మా నాన్న పెట్టిన పద్ధతి."

ఫార్మసిస్టు నుదురు రుద్దుకుంది. "ఏమేం కలుపుతారు?"

మరదలు సంచిలోంచి పొట్లం తీసిచ్చింది. ఈమధ్య బాగా పోతున్న సరుకు. పైన 'ఉల్లాసం' అని పెద్దక్షరాలు. కింద, 'మీ జన్యువులను మేల్కొలిపే సహజ పానీయం. ఎలాంటి దుష్ఫలితాలూ లేవు.' వెనక వైపు అందులో వేసినవన్నీ వరసగా ఉన్నాయి. ఆ పిల్ల వేలు ఒకచోట ఆగిపోయింది. మాస్కు కిందికి లాగేసింది.

"ఈ పసుపుపచ్చ పూలు... ఇవి ఎందుకు వేశారు?"

"దిగులుకు మంచిదని," అంది మరదలు.

"మంచిదే. కొందరికి పనిచేస్తుంది కూడా. పనిచేస్తుంది కాబట్టే వచ్చింది తంటా." పొట్లం మీద గోటితో కొట్టింది. "జన్యువుల్ని మేల్కొలుపుతుందని ఎవరు రాశారు?"

"నేనే. ఇంటర్నెట్‌లో చూసి. పెద్ద మాట కదా, కొంటారని..."

"తెలియక రాసినా నిజమే రాశారమ్మా. మేల్కొలిపింది."

డ్రైవరమ్మకు, మరదలికి అర్థం కాలేదు. ఆ పిల్ల నలుగురికీ తెలిసేలా చెప్పే మాట కోసం వెతుక్కుంటూ డ్రైవరమ్మ యూనిఫాం వైపు చూసింది.

"మీరు బస్సు నడుపుతారు కదా? డిపోలో ట్రిప్పులు ఎన్నని ఎవరు చెబుతారు?"

"కంట్రోలరు."

"లివర్‌లో కూడా అలాంటి కంట్రోలరు ఒకడుంటాడు. మన కణంలో జన్యువు అంటే రూటు చార్టు లాంటిది. దేన్ని తయారుచెయ్యాలో అందులో రాసి ఉంటుంది. ఎంత తయారుచెయ్యాలనేది కంట్రోలరు చేతిలో ఉంటుంది. మనం మింగిన మందును విరగ్గొట్టి బయటికి పంపే ఎంజైమ్ ఒకటుంది, దానికీ ఒక జన్యువుంది. ఈ పువ్వులో ఉన్న పదార్థం పోయి కంట్రోలరు చెవిలో ఊదుతుంది, ట్రిప్పులు పెంచు అని. చార్టులో ఒక్క అక్షరం మారదు. కాని రోడ్డు మీద బండ్లు రెట్టింపవుతాయి. మీ తమ్ముడు మాత్ర మింగుతున్నాడు. అది రక్తంలో నిలబడేలోపే లివర్ తుక్కు తుక్కు చేసి పారేస్తోంది."

డ్రైవరమ్మ మంచం కడ్డీ పట్టుకుంది.

"అంటే... వీడు మింగుతూనే ఉన్నాడా?"

"రోజూ మింగినా ఇలాగే ఉంటుంది."

పొద్దున్న గోడకు కొట్టిన డబ్బా గుర్తొచ్చింది ఆమెకు. తమ్ముడి వైపు చూడలేకపోయింది. అతనూ చూడలేదు.

మొక్కే కదా, ఆకే కదా, ఏం చేస్తుంది అనే మాట ఒకటి ఊరూరా తిరుగుతుంది. ఏదీ చెయ్యలేని దాన్ని డబ్బిచ్చి ఎందుకు కొంటున్నావని ఎవడూ అడగడు. మేలు చేసేటంత బలం ఉన్నదానికి కీడు చేసే బలమూ ఉంటుంది. 'సహజం' అని అట్ట మీద అచ్చేసినంత మాత్రాన అది లివర్‌లోకి పోయి చేతులు కట్టుకుని కూర్చోదు.

"ఇంకో మాట," అంది ఫార్మసిస్టు. "రోజుకొక గుక్క ఇంత పని చెయ్యదని నా అనుమానం. కప్పులకు కప్పులు తాగేవాళ్లలో చూశాం ఇలాంటిది. నిజంగా ఎంత తాగుతున్నారు?"

"గుక్కే," అన్నాడు నాలుక.

"ఇది దాచే విషయం కాదండీ. ఇప్పుడు మాత్రల మోతాదు పెంచుతాం. పువ్వు ఆగిపోతే రెండు మూడు వారాల్లో లివర్ మళ్లీ నెమ్మదిస్తుంది. అప్పుడు ఈ పెంచిన మందే మీకు విషం. మీరెంత తాగారో, ఎన్నాళ్లుగా తాగారో తెలియకపోతే, మేము కళ్లకు గంతలు కట్టుకుని మందు పోసినట్టే. ఆ కిడ్నీ ఇప్పుడు మీ నోటి మీద ఆధారపడి ఉంది."

"గుక్కేనన్నాను కదండీ."

గోడవైపు తిరిగి పడుకున్నాడు.

*

వరండాలో మరదలు స్తంభాన్ని పట్టుకుని ఏడుస్తోంది.

"ఏడుపు తర్వాత. ఆ పువ్వు ఎవరు కలపమన్నారే నిన్ను?"

"ఎవరూ అనలేదు వదినా. ఆపరేషన్ తర్వాత ఆయన మంచంలో ఉన్నారు, కొట్టులో ఈగలు కూడా వాలడం లేదు. కొత్తగా ఏదైనా చెయ్యాలని నేనే..."

"నువ్వే! కొత్తగా చేశావు, మహా బాగా చేశావు! మొగుడి మందును పువ్వు చేత తినిపించేశావు."

"మీరు కలపొద్దని చెప్పారా? మీకు మాత్రం తెలుసా?" మరదలికి కూడా రోషం పొడుచుకొచ్చింది. "పొద్దున్న డబ్బా విసిరిందెవరు? ఆయన మింగుతున్నారని నేను మొత్తుకుంటూనే ఉన్నా, వినిపించుకున్నారా?"

డ్రైవరమ్మ వెళ్లి బెంచీ మీద కూర్చుంది. మరదలు రెండో చివరకు చేరింది.

ఎదురుగా ఎవరో నేల తుడుస్తూ వచ్చి, కాళ్లెత్తండమ్మా అంటే ఎత్తారు, దించమంటే దించారు.

"ఈమధ్యే నవ్వుతున్నారు వదినా," అంది మరదలు ముక్కు తుడుచుకుంటూ. "అంతకుముందు గోడతో తప్ప మాట్లాడేవారు కాదు. బాగుపడ్డారని సంతోషించాను. అంతా మీ కిడ్నీ చలవే అనుకున్నాను."

"గుక్క తప్ప ఇంకేం తాగుతాడు వాడు?"

"నీళ్లే. డాక్టరు బాగా తాగమన్నారు కదా. ఆ స్టీలు జగ్గు నన్ను ముట్టుకోనివ్వదు అత్తయ్య. తనే కాచి, చల్లార్చి, తనే తీసుకెళుతుంది. నాలుగు పూటలా."

డ్రైవరమ్మ నెమ్మదిగా లేచి నిలబడింది.

పొద్దున్న జల్లెడ ఆగడం, కొడుకు మీద పడ్డ ఆ చూపు, ఇప్పుడెక్కింది బుర్రకు.

*

కొట్టు షట్టరు సగం దించి ఉంది. డ్రైవరమ్మ వంగి లోపలికి దూరి, వచ్చీ రావడంతోనే అరలోంచి ఉల్లాసం పొట్లాలు కిందికి లాగడం మొదలుపెట్టింది.

తల్లి పరిగెత్తుకొచ్చింది. "ఏం చేస్తున్నావే? మతి పోయిందా?"

"ఇప్పుడే వచ్చిందమ్మా మతి. ఇవి కొనుక్కుపోతున్న వాళ్లు ఏయే మాత్రలు మింగుతున్నారో నీకు తెలుసా? రక్తం గడ్డకట్టకుండా వేసుకునేవాళ్లున్నారు. మూర్ఛకు వేసుకునేవాళ్లున్నారు. పిల్లలొద్దని వేసుకునేవాళ్లున్నారు. అన్నిటినీ తినేస్తుందట ఈ పువ్వు. వస్తూ వస్తూ ఆ ఫార్మసిస్టును నిలేసి అడిగొచ్చాను. రేపటినుంచి ఒక్కొక్కరి గుమ్మం ఎక్కి చెప్పాలి."

"గుమ్మం గుమ్మం ఎక్కి మన కొట్టు మనమే మూసుకుందామా? నలభై ఏళ్లుగా..."

"జగ్గులో ఏం పోస్తున్నావమ్మా?"

తల్లి మాట మధ్యలోనే తెగింది.

"నీళ్లే," అంది.

"ఏం నీళ్లు?"

"నీళ్లంటే నీళ్లే. కాచిన నీళ్లు."

"ఏం వేసి కాచావు?"

తల్లి కింద పడ్డ పొట్లమొకటి తీసి, చీరకొంగుతో దుమ్ము తుడిచి, అరలో పెట్టింది. ఇంకొకటి తీసింది. డ్రైవరమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"అమ్మా! అక్కడ వాడు గుక్కేనని ఒకటే పట్టు పట్టుకుని పడుకున్నాడు. డాక్టర్లకు నిజం తెలియకపోతే కిడ్నీ పోతుంది. కిడ్నీ పోతే..."

"తెలుసు."

"తెలిసి నీళ్లంటావేం? ఎంత పోశావు?"

"చిక్కగా కాచేదాన్ని. పువ్వు ఒక్కటే. జగ్గెడు."

"ఎన్నాళ్లుగా?"

"చలికాలం పోయినప్పటి నుంచి."

డ్రైవరమ్మ సరుకు బస్తా మీద కూలబడింది. కన్నతల్లి నాలుగు పూటలా చేతికందించింది. ఏ మందూ తెలియని మనిషా అంటే కాదు, ఆకుల మధ్యే పుట్టి ఆకుల మధ్యే పండిపోయిన మనిషి.

"మూలికలొద్దన్నారని తెలియదా నీకు? ఎందుకు పోశావమ్మా?"

తల్లి షట్టరు దగ్గరికి వెళ్లి పూర్తిగా కిందికి దించింది. గదిలో చీకటి పడింది. లైటు వెయ్యలేదు.

"మేడ మీద పిట్టగోడ ఎక్కి కూర్చున్నాడు," అంది అక్కడినుంచే. "కాళ్లు వీధి వైపు వేసి."

"ఎవరు?"

"ఎవరంటావేమిటే!"

డ్రైవరమ్మ చీకట్లో ఆ గొంతు వైపు తిరిగింది.

"బట్టలు తియ్యడానికి వెళ్లానో, దేనికి వెళ్లానో. వెళ్లాను కాబట్టి ఉన్నాడు. చొక్కా పట్టుకుని ఇవతలికి లాగాను. ఊరికే గాలికి కూర్చున్నానమ్మా అన్నాడు. అబద్ధం చెప్పడం వాడికెప్పుడు వచ్చింది గనక! నువ్వొచ్చి పోయిన మధ్యాహ్నమే."

"నేనొచ్చి పోతే... నేనేం చేశాను?"

"వచ్చినప్పుడల్లా ఏమని పలకరిస్తావే వాణ్ణి?"

"ఏమంటాను? అందరం ఏమంటామో అదే."

"కాదు. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే అరుస్తావు. 'ఏరా, నా కిడ్నీ ఎలా ఉంది?' అని. ఒక్కనాడైనా నువ్వెలా ఉన్నావురా అన్నావా?"

"అది... అది జోకమ్మా! సరదాకి! నువ్వూ నవ్వేదానివి కదా!"

"నేను నవ్వాను. నీ మరదలు నవ్వింది. వీధిలో వాళ్లూ నవ్వారు. వాడు నవ్వాడా?"

డ్రైవరమ్మ గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించింది. తమ్ముడి మొహం గుర్తు రావడం లేదు. తన నవ్వే వినబడుతోంది, బస్సు హారన్‌లాగా, గదంతా నిండిపోయి.

"తిన్న ముద్ద ఎక్కువైతే నీ కిడ్నీకి బరువని భయం. తినకపోతే నీ కిడ్నీకి నీరసమని భయం. జలుబు చేస్తే నీకేం జవాబు చెప్పాలని భయం. అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టాలన్నా ఆలోచించేవాడిలా బతికాడే, వాడి ఒంట్లో వాడు."

"నాతో ఒక్క మాట చెప్పకపోయావా?"

"ఏ నోటితో చెప్పను? ఒళ్లు కోసిచ్చిన దానివి. వాడికది బరువైందని నీ మొహం మీద చెప్పనా?" తల్లి గొంతు మొదటిసారి పైకి లేచింది. "పువ్వు దిగులు తీస్తుందని మీ నాన్న అనేవాడు. పోశాను. కొన్నాళ్లకు ముద్ద నోట్లో పెట్టాడు. ఇంకొన్నాళ్లకు మెట్లు దిగుతూ ఈల వేశాడు. ఈల వేశాడే! ఏ తల్లి ఆపుతుంది చెప్పు? ఎవరొచ్చి వద్దంటే మానుతుంది?"

డ్రైవరమ్మ చీకట్లో అలాగే కూర్చుండిపోయింది.

పువ్వు ఆపితే కిడ్నీ నిలబడుతుందేమో. పువ్వు ఆపితే వాడు మళ్లీ ఆ గోడ ఎక్కడని ఎవరు చెబుతారు?

"పద," అంది చివరికి, లేస్తూ.

"నేను రాను. నన్ను చూస్తే వాడు మళ్లీ గుక్కే అంటాడు. నువ్వెళ్లు."

*

సాయంత్రం చూడ్డానికొచ్చే వాళ్లతో వార్డు సందడిగా ఉంది. పక్క మంచం చుట్టూ ఎవరో పిల్లలు బెలూను కోసం కొట్టుకుంటున్నారు. నర్సు సీసా వేలాడదీసి, సూది పట్టుకుని నిలబడి ఉంది. నాలుక చెయ్యి దుప్పటి లోపల ఉంది.

"మీరైనా చెప్పండమ్మా," అంది నర్సు విసుక్కుంటూ. "రెండుసార్లు వచ్చాను. తర్వాత, తర్వాత అంటారు. దీనికి తర్వాత ఉండదు."

"ఒక్క రెండు నిమిషాలు ఇవ్వండి."

నర్సు పక్క మంచం వైపు వెళ్లింది. డ్రైవరమ్మ స్టూలు మీద కూర్చుంది. ఇంతకాలం ఈ మనిషిని పలకరించడానికి ఒకే మాట వాడింది. ఇప్పుడు దాన్ని తీసేస్తే నోట్లో ఇంకేమీ లేదు.

"ఎలా ఉన్నావురా?"

అతను చాలాసేపు అక్క మొహం చూశాడు.

"అయితే అమ్మ చెప్పేసిందన్నమాట."

"చెప్పింది."

"అంతానా?"

"అంతా. గోడ సంగతి కూడా."

అతను కళ్లు మూసుకున్నాడు. "నువ్వు గుమ్మంలో నిలబడి కేకేయకుండా, స్టూలు మీద కూర్చుని ఎలా ఉన్నావంటే భయంగా ఉందక్కా. నేను పోతున్నానా ఏమిటి?"

ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. రెండిట్నీ మింగేసింది. ఆ ఇంటి పిల్లే కదా.

"జగ్గు సంగతి ఆ ఫార్మసిస్టుకు చెప్పేసి వస్తున్నాను. ఎప్పటినుంచో, ఎంతో, అంతా. లెక్క చూసి మోతాదు వేస్తానంది. దిగులుకు కూడా వేరే మందులున్నాయట, ఈ మాత్రతో గొడవపడనివి. దానికి వేరే డాక్టరున్నాడట, రేపొచ్చి నీతో మాట్లాడతాడు. నువ్వు మాట్లాడాలి."

"మాట్లాడతాలే."

"మాట్లాడతాలే కాదు."

"అక్కా, ఒకటి చెప్పు. ఇన్నాళ్లూ నవ్వాను కదా. ఈల వేశాను, నీ మరదలితో సరదాగా ఉన్నాను, బజారుకెళ్లి చొక్కా కొనుక్కున్నాను. అదంతా నేనా, పువ్వా?"



"ఎవరైతేనేం, నవ్విన మొహం నీదే కదరా."

అతను దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు.

"చూడు," అంది ఆమె ముందుకు వంగి. బస్సులో బాకా ఊదినట్టు మాట్లాడే మనిషికి గొంతు తగ్గించడం చేతకాక, మాట గుసగుసకూ కేకకూ మధ్య ఎక్కడో వచ్చింది. "అది నాది కాదు. ఇచ్చేశాను. ఇచ్చిననాడే అది నీదైపోయింది. నేనన్న మాట తప్పే. వెధవ జోకు. ఇంకెప్పుడూ ఆ మాట నా నోట వినవు. నువ్వు ఉప్పు తింటావో, ఊళ్లు తిరుగుతావో, నేనడగను. చెయ్యి బయట పెట్టు. సూది వేయించుకో."

చెయ్యి దుప్పట్లోంచి కదల్లేదు.

"నీకేం తెలుసురా? నీ తప్పేముంది ఇందులో? పువ్వు మాత్రను తినేస్తుందని నీకు తెలుసా, అమ్మకు తెలుసా? తెలిస్తే తాగేవాడివా?"

తాగేవాణ్ణి కాదని అనాలి. అంత తేలికైన ప్రశ్న. దానికి జవాబు రావడానికి ఇంతసేపు పట్టకూడదు.

పక్క మంచం దగ్గర బెలూను పగిలింది. పిల్లలు గొల్లుమన్నారు. నర్సు వాళ్లను కసిరి, సూది పట్టుకుని మళ్లీ ఇటు తిరిగింది.

"ఒరేయ్. అడుగుతున్నాను. నీకు తెలియదు కదా?"

నాలుక సీసా వైపు చూస్తూ, రుచి చూసి సరుకు ఎలా ఉందో చెప్పేటంత నెమ్మదిగా చెప్పాడు.

"మొదట్లో తెలియదక్కా."